ఆస్ట్రేలియా వృద్ధుల హోమ్‌లు: ప్రభుత్వ సొమ్ము, పెద్దల బతుకు

ఆస్ట్రేలియాలో ఇంట్లో ఉండి నెట్టుకురాలేని వృద్ధుల కోసం నడిచే ఏజ్డ్ కేర్ హోమ్‌లు దాదాపు 2,600 ఉన్నాయి. వాటిలో సుమారు 1.9 లక్షల మంది శాశ్వతంగా ఉంటున్నారు. 1997 దాకా వీటిలో చాలావాటిని నర్సింగ్ హోమ్‌లనే పిలిచేవారు, వాడుకలో ఆ పేరు ఇప్పటికీ ఉంది. మన ఊళ్ళలో నర్సింగ్ హోమ్ బోర్డుతో నడిచే చిన్న ఆసుపత్రులకూ వీటికీ పోలిక లేదు. ఇవి పెద్దవాళ్ళు కడదాకా ఉండి, తిని, నిద్రపోయే ఇళ్ళు. సగానికి పైగా హోమ్‌లను చర్చిలు, సేవా సంస్థలు నడుపుతున్నాయి. మిగతావాటిలో ఎక్కువ ప్రైవేటు కంపెనీలవి, కొన్ని రాష్ట్ర ప్రభుత్వాలవి. ఎవరు నడిపినా ఖర్చులో పెద్ద వాటా కాన్‌బెర్రాలోని కేంద్ర ప్రభుత్వానిదే. 2023-24లో వృద్ధుల సంరక్షణకు అది ఖర్చు పెట్టింది సుమారు 3,600 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు. అందులో సగానికి మించి ఈ హోమ్‌లకే వెళ్ళింది.

ఇంత సొమ్ము ఒక ముసలావిడ రోజులో ఎక్కడ కనిపించాలి? పొద్దున్నే తొందరపెట్టకుండా స్నానం చేయించే చేతుల్లో, పళ్ళెంలోకి వచ్చే భోజనంలో, మధ్యాహ్నం పక్కన కూర్చుని కబుర్లు చెప్పే మనిషిలో కనిపించాలి. కనిపించిన కాలాలున్నాయి, కనిపించకుండా పోయిన కాలాలూ ఉన్నాయి. డెబ్బై ఏళ్ళ చరిత్రను వరసగా చూస్తే, ఎంత ఇచ్చారన్నది ఒక్కటే లెక్కకు రాలేదని తెలుస్తుంది. ఏ షరతు మీద ఇచ్చారు, ఆ తర్వాత లెక్క అడిగారా లేదా అన్నవే పెద్దవాళ్ళ బతుకును ఎక్కువగా మార్చాయి.

ప్రభుత్వం మొదట ఇచ్చింది కట్టడాలకు. 1954లో రాబర్ట్ మెంజీస్ ప్రభుత్వం వృద్ధుల గృహాల చట్టం తెచ్చింది. చర్చి గానీ ధర్మసంస్థ గానీ ఒక పౌండు పోగు చేస్తే ప్రభుత్వం మరో పౌండు కలిపేది. 1957లో ఆ వాటాను రెండు పౌండ్లకు పెంచారు. తల దాచుకోవడానికి చోటు లేని పెద్దవాళ్ళకు దీనివల్ల వేల గదులు వచ్చాయి. తర్వాత 1963 జనవరి నుంచి నర్సింగ్ హోమ్‌లో ఉన్న ప్రతి మనిషికీ రోజుకు ఒక పౌండు చొప్పున భృతి మొదలైంది. మంచానికింత అని డబ్బు వస్తుంటే మంచాలు పెరుగుతాయి. అలాగే పెరిగాయి కూడా. ఆ మంచం మీది మనిషి ఎలా ఉన్నాడని అడిగే ఏర్పాటు మాత్రం ఆ భృతిలో లేదు.

ఆ ప్రశ్న గట్టిగా అడిగింది 1985లో. సెనెటర్ ప్యాట్రీషియా గైల్స్ అధ్యక్షతన సెనెట్ కమిటీ ప్రైవేటు నర్సింగ్ హోమ్‌ల మీద నివేదిక ఇచ్చింది. దాని పర్యవసానంగా 1987లో 31 ప్రమాణాలు వచ్చాయి. ఇంటి వాతావరణం, ఏకాంతం, గౌరవం, ఇష్టాయిష్టాలకు విలువ లాంటివి వాటిలో ఉన్నాయి. తనిఖీకి వచ్చినవాళ్ళు రిజిస్టర్లు తిరగేసి ఊరుకోలేదు, హోమ్‌లో ఉన్న పెద్దల దగ్గర కూర్చుని మాట్లాడారు. ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీకి చెందిన జాన్ బ్రెయిత్‌వెయిట్, ఆయన సహచరులు ఈ విధానాన్ని అమెరికాలోని వందలాది సూక్ష్మ నిబంధనలతో పోల్చి చూశారు. కొద్దిపాటి విశాలమైన ప్రమాణాలే ఎక్కువ నమ్మదగిన అంచనాలు ఇస్తున్నాయని తేల్చారు.

ఆ సంస్కరణల్లో జనం అంతగా పట్టించుకోని మార్పు ఒకటుంది. నర్సులు, సహాయకుల కోసమని ఇచ్చిన సొమ్మును ఆ పద్దు కిందే ఖర్చు పెట్టాలి. మిగిలితే ప్రభుత్వానికి తిరిగి కట్టాలి. మనుషులను తగ్గించి లాభం మిగుల్చుకునే దారి దీంతో మూసుకుపోయింది. పదేళ్ళ తర్వాత, జాన్ హోవర్డ్ ప్రభుత్వం తెచ్చిన 1997 చట్టం నర్సింగ్ హోమ్‌లను, తక్కువ సాయంతో గడిచే హాస్టళ్ళను ఒకే వ్యవస్థ కిందికి తెచ్చి, ఈ నియమాన్ని తీసేసింది. సంరక్షణకు ఇచ్చిన డబ్బును సంరక్షణకే ఖర్చు చేశామని రుజువు చూపించాల్సిన పని లేకుండా పోయింది. ఈ వ్యవస్థకు జరిగిన నష్టాల్లో ఇదే పెద్దది.

ఫలితం బయటపడటానికి ఎక్కువ కాలం పట్టలేదు. 2000 సంవత్సరం మొదట్లో మెల్‌బోర్న్‌లోని రివర్‌సైడ్ నర్సింగ్ హోమ్‌లో గజ్జి తగ్గుతుందని 57 మంది వృద్ధులకు కిరోసిన్ కలిపిన నీళ్ళతో స్నానం చేయించారన్న వార్త దేశాన్ని కుదిపేసింది. 2017లో అడిలైడ్ దగ్గరి ఓక్‌డెన్‌లో, దక్షిణ ఆస్ట్రేలియా ప్రభుత్వమే నడిపిన మానసిక వ్యాధులున్న వృద్ధుల కేంద్రంలో జరిగిన హింస, నిర్లక్ష్యం అధికారిక నివేదికలోకి ఎక్కాయి. ఆ కేంద్రాన్ని మూసేశారు. 2018 అక్టోబర్‌లో వృద్ధుల సంరక్షణ తీరుపై విచారణకు రాయల్ కమిషన్ ఏర్పడింది. మరుసటి ఏడాది అది ఇచ్చిన మధ్యంతర నివేదికకు పెట్టిన పేరు ‘నిర్లక్ష్యం’. అదనంగా మరో మాట అక్కర్లేకపోయింది.

కమిషన్ కోసం వులన్‌గాంగ్ విశ్వవిద్యాలయం చేసిన అధ్యయనం అమెరికా రేటింగ్ కొలమానంతో ఆస్ట్రేలియా హోమ్‌ల సిబ్బందిని లెక్కవేసింది. వృద్ధుల్లో 57.6 శాతం మంది ఐదింటికి ఒకటో రెండో స్టార్లు మాత్రమే దక్కే హోమ్‌లలో ఉన్నారని తేలింది. మనసు మీద పనిచేసే మందులు 61 శాతం మందికి క్రమం తప్పకుండా ఇస్తున్నారని మధ్యంతర నివేదిక రాసింది. మనుషులు చాలనిచోట మాత్రలు ఆ లోటు పూడ్చాయని ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే అర్థమవుతుంది. 2021 ఫిబ్రవరి 26న కమిషనర్లు టోనీ పగోన్, లినెల్ బ్రిగ్స్ తుది నివేదిక సమర్పించారు. అందులో 148 సిఫారసులున్నాయి. అదే ఏడాది మే బడ్జెట్‌లో ప్రభుత్వం 1,770 కోట్ల డాలర్ల ప్యాకేజీ ప్రకటించింది.

ఆ ప్యాకేజీలో సామాన్యులకు సూటిగా అర్థమయ్యేది రోజుకు పది డాలర్ల సాయం. దాని వెనకున్నది తిండి కథ.

హోమ్‌లో ఉండే ప్రతి ఒక్కరూ భోజనం, శుభ్రత, బట్టల ఉతుకు, కరెంటు లాంటి వాటికి రోజువారీ రుసుము కడతారు. ఒంటరిగా ఉండేవారి మూల వృద్ధాప్య పింఛనులో అది 85 శాతం. పింఛను తప్ప ఇంకేమీ లేనివాళ్ళకు చేతిలో మిగిలేది మందులకూ బట్టలకూ సరిపోతే గొప్ప. అటు హోమ్‌ల యాజమాన్యాలేమో ఆ రుసుముతో ఖర్చులు వెళ్ళడం లేదని చెబుతూ వచ్చాయి. ఈ లాగులాటలో నలిగింది వంటగది. డైటీషియన్ షెరీ హ్యూగో బృందం లెక్క ప్రకారం ఈ సాయం రాకముందు హోమ్‌లు ఒక మనిషి ఒక రోజు వంట సరుకులకు సగటున పెట్టింది 6.08 డాలర్లు. మూడు పూటల భోజనానికీ, మధ్యలో ఫలహారానికీ కలిపి అంతే. హోమ్‌లలో ఉన్నవాళ్ళలో 68 శాతం మంది పోషకాహార లోపంతో గానీ, ఆ ముప్పు అంచున గానీ ఉన్నారన్న అంచనా కమిషన్ ముందుకు వచ్చింది.

 వృద్ధుల భోజనం కోసమే ప్రఖ్యాత వంటగత్తె మ్యాగీ బీర్ 2014లో ఒక ఫౌండేషన్ స్థాపించారు. హోమ్‌లలో వంటవాళ్ళకు శిక్షణ ఇవ్వడానికి కేంద్రం 2023లో ఆ ఫౌండేషన్‌కు 50 లక్షల డాలర్ల గ్రాంటు ఇచ్చింది. ఇది చిన్న మొత్తమే, కానీ దెబ్బ తగలాల్సిన చోట తగిలింది. పక్షవాతం వచ్చినవాళ్ళు, డిమెన్షియా ముదిరినవాళ్ళు ముద్ద మింగలేరు. వాళ్ళకు కూర, మాంసం, దుంపలు అన్నీ మిక్సీ పట్టి మెత్తగా చేసి పెట్టాలి. శిక్షణ లేని వంటగదిలో అవన్నీ కలిసిపోయి గోధుమరంగు ముద్దలా పళ్ళెంలో పడతాయి. తింటున్నది చేపో, కేరట్టో తినేవాళ్ళకు తెలియదు. తెలిసిన వంటవాడు ఒక్కో పదార్థాన్నీ విడిగా రుబ్బి, దాని రంగు, వాసన పోకుండా అచ్చుల్లో పోసి వడ్డిస్తాడు. చూడగానే ఏమిటో తెలిసినప్పుడు నోరు తెరుస్తారు. బరువు తగ్గడం ఆగుతుంది.

తిండి మీద పెట్టిన డబ్బు వృథా కాదనడానికి బలమైన రుజువు విక్టోరియా రాష్ట్రంలో దొరికింది. మెల్‌బోర్న్ పరిశోధకులు 60 హోమ్‌లలోని 7,195 మంది మీద రెండేళ్ళు అధ్యయనం చేసి, 2021లో బీఎంజే వైద్య పత్రికలో ప్రచురించారు. సగం హోమ్‌లలో పాలు, పెరుగు, చీజ్ రోజుకు మూడున్నర సర్వింగులకు పెంచారు. ఆ హోమ్‌లలో ఎముకలు విరగడం 33 శాతం, తుంటి విరగడం 46 శాతం, పడిపోవడం 11 శాతం తగ్గాయి. తుంటి విరిగిన ముసలివాళ్ళలో మళ్ళీ లేచి తిరిగేవాళ్ళు ఎంత తక్కువో తెలిసినవాళ్ళకు ఈ అంకెల విలువ తెలుస్తుంది.

2021 జూలై నుంచి మనిషికి రోజుకు పది డాలర్లు అదనంగా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు ప్రభుత్వం ఒక షరతు పెట్టింది. తిండికి ఎంత ఖర్చవుతోందో మూడు నెలలకోసారి లెక్క చూపాలి. లెక్కలు వచ్చాక, ఆ పది డాలర్లు తీసుకుంటూనే తిండికి రోజుకు పది డాలర్లు కూడా పెట్టని హోమ్‌లు బయటపడ్డాయి. వాటి వివరాలు హోమ్‌లను తనిఖీ చేసే నాణ్యతా కమిషన్‌కు వెళ్ళాయి. అయితే ఆ పది డాలర్లను తిండికే వాడాలన్న నిబంధన మాత్రం పెట్టలేదు. బట్టల ఉతుకుకు వాడుకున్నా, అప్పు తీర్చుకున్నా తప్పు పట్టడానికి వీల్లేదు. పక్కన నిలబడి లెక్క రాసుకోవడం దాకా వచ్చి ఆగిపోయిన షరతు ఇది. 2023 జూలైలో ఈ సాయం పేరు మారి 10.80 డాలర్లకు పెరిగింది, ఆ తర్వాతా పెరుగుతూ వచ్చింది. నాణ్యతా కమిషన్‌లో తిండి వ్యవహారాలకే ఒక విభాగం, ఫిర్యాదుల కోసం ఫోన్ నంబరు ఏర్పాటయ్యాయి.

తిండి తర్వాత సంరక్షణ. ప్రభుత్వ సబ్సిడీలో పెద్ద భాగం దీనికే పోతుంది. 2008 నుంచి ఒక ఫార్ములా నడిచింది. మనిషి ఎంత బలహీనంగా ఉంటే హోమ్‌కు అంత ఎక్కువ డబ్బు. ఆ అంచనా వేసేది హోమ్ సిబ్బందే. నడవలేని ఒక పెద్దాయనకు రోజూ వ్యాయామం చేయించి, నాలుగడుగులు వేసేలా చేశారనుకుందాం. ఫార్ములా ప్రకారం ఆయన కోలుకుంటున్నాడు కనుక హోమ్‌కు వచ్చే సొమ్ము తగ్గాలి. మంచి చేసినవారికి జరిమానా పడే పద్ధతి అది. 2022 అక్టోబర్ 1న దాని స్థానంలో వచ్చిన కొత్త వర్గీకరణను వులన్‌గాంగ్ విశ్వవిద్యాలయంలో క్యాథీ ఈగర్ బృందం రూపొందించింది. ఇప్పుడు అంచనా వేసేది హోమ్‌తో సంబంధం లేని బయటి వ్యక్తి. అతను పెద్దవాళ్ళ కదలిక, జ్ఞాపకశక్తి, ప్రవర్తన చూసి 13 వర్గాల్లో ఒకదానిలో చేరుస్తాడు. హోమ్ తలుపులు తెరిచి ఉంచడానికయ్యే స్థిరమైన ఖర్చుకు ఒక మొత్తం, మనిషి వర్గాన్ని బట్టి ఒక మొత్తం, కొత్తగా చేరినప్పుడు కుదురుకోవడానికి ఒకసారి ఇచ్చే మొత్తం కలిపి లెక్క కడతారు. ఆరోగ్యం మెరుగుపడితే మళ్ళీ అంచనా వేయించుకుని సొమ్ము తగ్గించుకోవాల్సిన అవసరం లేదు. ధర ఎంత ఉండాలన్నది ఒక స్వతంత్ర సంస్థ ఏటా ఖర్చులు చూసి ప్రభుత్వానికి సూచిస్తుంది.

ఈ సొమ్ముతో పాటు నిమిషాల లెక్క కూడా వచ్చింది. 2023 జూలై నుంచి హోమ్‌లో రాత్రీ పగలూ ఒక రిజిస్టర్డ్ నర్సు ఉండాలి. అదే ఏడాది అక్టోబర్ నుంచి మనిషికి రోజుకు సగటున 200 నిమిషాల సంరక్షణ తప్పనిసరి అయింది. 2024 అక్టోబర్‌లో దాన్ని 215 చేశారు. అందులో 44 నిమిషాలు రిజిస్టర్డ్ నర్సువి. 215 నిమిషాలంటే మూడున్నర గంటల పైచిలుకు. నిద్ర లేపి కూర్చోబెట్టడం, మరుగుదొడ్డికి తీసుకెళ్ళడం, స్నానం, బట్టలు, మూడు పూటలా తినిపించడం, మందులు, రాత్రి పక్క మార్పించడం అన్నీ అందులోనే సర్దాలి. చూడటానికి ఎక్కువ అనిపించినా, కాళ్ళూ చేతులూ ఆడని మనిషి విషయంలో చూస్తూ చూస్తూనే అయిపోతుంది. పనిచేసేవాళ్ళు దొరకాలి కనుక జీతాలూ పెంచారు. పారిశ్రామిక న్యాయసంస్థ ఫెయిర్ వర్క్ కమిషన్ ఆదేశంతో 2023 మధ్యలో 15 శాతం పెంపు వచ్చింది. దానికి ప్రభుత్వం 1,130 కోట్ల డాలర్లు కేటాయించింది. భారతదేశం, నేపాల్, ఫిలిప్పీన్స్ నుంచి వెళ్ళినవారు ఈ పనిలో పెద్దసంఖ్యలో ఉన్నారు. పెరిగిన జీతంలో కొంత అలా సముద్రాలు దాటి ఇళ్ళకూ చేరుతోంది.

నిమిషాల లెక్కలో ఒక లోపం ఉంది. నర్సుల, సంరక్షణ సహాయకుల సమయాన్నే లెక్కిస్తారు. పాటలు పాడించేవాళ్ళు, తోటపని చేయించేవాళ్ళు, ఫిజియోథెరపిస్టులు ఆ 215లోకి రారు. లెక్కలోకి రానివాళ్ళ మీద కోత పడుతుందని ఫిజియోథెరపిస్టులు మొదటి నుంచీ మొత్తుకుంటున్నారు. వారి భయంలో నిజముంది. పాత పద్ధతి పోయాక ఆ సేవలకు దొరికే నిమిషాలు తగ్గాయి. 2025 ఏప్రిల్ నుంచి వీళ్ళ సేవల వివరాలూ హోమ్‌లు ప్రభుత్వానికి పంపాలన్న నియమం వచ్చింది.

వేల కోట్ల సబ్సిడీల పక్కన చిన్న గ్రాంట్లు కనిపించవు. వృద్ధుల ముఖాల్లో మార్పు తెచ్చిన వాటిలో కొన్ని మాత్రం ఈ చిన్నవే. మత్తుమందుల వాడకం తగ్గించడానికి టాస్మేనియా విశ్వవిద్యాలయంలో జువానిటా వెస్ట్‌బరీ నడిపిన రెడ్‌యూజ్ ప్రాజెక్టుకు కేంద్రం గ్రాంటు ఇచ్చింది. 150 హోమ్‌లలో 12,157 మంది మందుల చీటీలు పరిశీలించారు. ఏ హోమ్‌లో ఎంతమందికి మత్తుమందులిస్తున్నారో ఆ హోమ్ సిబ్బందికే చూపించారు, మిగతా హోమ్‌లతో పోల్చి చూపించారు, శిక్షణ ఇచ్చారు. తర్వాత ఫార్మసిస్టు, నర్సు, డాక్టరు కలిసి ఒక్కొక్కరి మందులను మళ్ళీ చూశారు. ఆరు నెలల్లో యాంటీసైకోటిక్ మందులు వాడేవారు 21.6 శాతం నుంచి 18.9కి, నిద్రమాత్రల కోవకు చెందిన బెంజోడయాజెపిన్లు వాడేవారు 22.2 నుంచి 17.6కి తగ్గారు. పగలంతా కునికిపాట్లు పడుతూ కూర్చునే మనిషి తల ఎత్తి చూడటం అంటే ఏమిటో ఆ ఇంటివాళ్ళకే తెలుస్తుంది. 2024 జూలై నుంచి హోమ్‌లోనే ఫార్మసిస్టును ఉంచుకోవడానికి ప్రభుత్వం డబ్బు ఇస్తోంది.

సిడ్నీలోని 35 హోమ్‌లలో హాస్యంతో చేసిన ప్రయోగం మరొకటి. స్మైల్ అధ్యయనం పేరుతో లీ-ఫే లో, హెన్రీ బ్రోడటీ తదితరులు దాన్ని నడిపారు. హాస్యనటులు వారానికోసారి హోమ్‌కు వచ్చి డిమెన్షియా ఉన్నవాళ్ళను నవ్వించారు, వాళ్ళతో ఆడారు. సిబ్బందిలో ఒకరికి ఆ పని నేర్పి వెళ్ళారు. 2013లో వచ్చిన ఫలితాల ప్రకారం దిగులు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, కానీ అశాంతితో కేకలు వేయడం, తిరగబడటం లాంటివి సుమారు 20 శాతం తగ్గాయి. దుష్ప్రభావం లేకుండా ఈపాటి ఫలితం రావడం తక్కువ విషయం కాదు.

పలకరింపు కోసం కూడా గ్రాంటు ఉంది. 2017లో నాటి మంత్రి కెన్ వ్యాట్, హోమ్‌లలో 40 శాతం మంది దాకా ఏడాది పొడుగునా ఒక్కరూ చూడటానికి రానివాళ్ళేనని జాతీయ ప్రెస్ క్లబ్‌లో చెప్పారు. ఈ ఒంటరితనం కొత్తది కాదు. 1992లోనే ప్రభుత్వం ఒక పథకం పెట్టి, స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లు ఇస్తోంది. ఆ సంస్థలు వలంటీర్లను వెతికి, శిక్షణ ఇచ్చి, ఒక్కో వృద్ధుడికి ఒక్కొక్కరిని జతచేస్తాయి. వలంటీరు ఏడాదికి కనీసం 20 సార్లు వెళ్ళి కలవాలి. చదరంగం ఆడొచ్చు, పేపరు చదివి పెట్టొచ్చు, ఊరికే కూర్చోవచ్చు. 2023లో ఈ పథకం పేరు మార్చి విస్తరించారు.

ఇక్కడే తెలుగువాళ్ళకూ పనికొచ్చే సంగతి ఉంది. 2016 జనాభా లెక్కల్లో ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు సుమారు 34 వేల మంది. 2021కి ఆ సంఖ్య సుమారు 59 వేలకు చేరింది. వీరిలో ఎక్కువమంది ఉద్యోగాల వయసువాళ్ళు. వాళ్ళ తల్లిదండ్రులు ఇప్పుడిప్పుడే అక్కడ స్థిరపడుతున్నారు, ఈ ఉద్యోగాల వయసువాళ్ళూ ఏనాటికైనా పెద్దవాళ్ళవుతారు. డిమెన్షియా వచ్చినప్పుడు తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోతుంది, అమ్మ భాష మిగులుతుంది. జీవితమంతా ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడిన మనిషి కూడా నొప్పి ఎక్కడుందో తెలుగులోనే చెప్పే రోజు వస్తుంది. దశాబ్దాల ముందు వెళ్ళిన ఇటాలియన్లు, గ్రీకులు ఈ దశ చూశారు. తమ భాష, తమ తిండి ఉండే హోమ్‌లు కట్టుకున్నారు. వలంటీర్ల పథకంలో అదే భాష వచ్చినవారిని జతచేయమని అడగొచ్చు. వేరువేరు సంస్కృతుల వృద్ధులను ఎలా చూసుకోవాలో హోమ్‌లకు నేర్పడానికి 1997 నుంచి ప్రతి రాష్ట్రంలోనూ ఒక సంస్థకు కేంద్రం గ్రాంటు ఇస్తోంది. తెలుగు సంఘాలు పండగలకు చూపించే పట్టుదలలో కొంత ఇటు పెడితే, పెరుగన్నం, చారు అడిగే పెద్దవాళ్ళ మాట అర్థమయ్యేవాళ్ళు రేపు హోమ్‌లలో ఉంటారు.

నగరాలకు దూరమయ్యే కొద్దీ లెక్క మారుతుంది. వందల కిలోమీటర్ల ఎడారి మధ్య ఊరిలో పది మంది కోసం హోమ్ నడిపితే ఏ కంపెనీకీ గిట్టదు. అందుకే 1993 నుంచి చిన్న ఊళ్ళలో ఆసుపత్రినీ వృద్ధుల హోమ్‌నూ ఒకే కప్పు కింద నడిపించే పథకం ఉంది. కేంద్రం, రాష్ట్రం సొమ్ము ఒకే మూటగా వస్తుంది. ఆదివాసీ పెద్దలు తమ నేలకు దగ్గరగా ఉండేలా సాయం చేసే పథకం మరొకటి. దాంట్లో డబ్బు తలకింత అని రాదు, సంస్థ నడవడానికి ఇంత అని వస్తుంది. మంచం ఖాళీ అయినంతమాత్రాన జీతాలు ఆగవు. భవనాలకు విడిగా మూలధన గ్రాంట్లున్నాయి. మారుమూల హోమ్‌లకే కాదు, అక్కడ పనిచేయడానికి వచ్చే సిబ్బంది నివాసాలకూ అవి ఇస్తున్నారు. ఉండటానికి ఇల్లు లేనిచోటికి నర్సు ఎలా వస్తుంది?

జీవన నాణ్యతను ఎలా కొలుస్తారన్నది మొదటి నుంచీ చిక్కు ప్రశ్నే. పుండ్లు, పడిపోవడాలు, బరువు తగ్గడం లెక్కపెట్టొచ్చు. 2019 జూలై నుంచి పుండ్లు, బరువు తగ్గడం వివరాలు, 2021 జూలై నుంచి పడిపోవడాల వివరాలు తప్పనిసరిగా పంపుతున్నారు. 2023 ఏప్రిల్‌లో ఆ జాబితాలో జీవన నాణ్యత చేరింది. ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయంలో జూలీ రాట్‌క్లిఫ్ బృందం వృద్ధులతోనే మాట్లాడి తయారుచేసిన ఆరు ప్రశ్నలు దానికి ఆధారం. కావలసినంత తిరగగలుగుతున్నారా, నొప్పి వస్తే తగ్గించే ఏర్పాటు జరుగుతోందా, సంతోషంగా ఉంటున్నారా, మీ పనులు మీ ఇష్టప్రకారం సాగుతున్నాయా, అయినవాళ్ళతో స్నేహితులతో సంబంధాలు బాగున్నాయా, ఇష్టమైన వ్యాపకం ఏదైనా ఉందా అని అడుగుతారు. ఎప్పుడూ నుంచి అసలు లేదు దాకా ఐదు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. చదవలేకపోతే పక్కనున్నవారు చదివి వినిపిస్తారు. చెప్పలేని స్థితిలో ఉంటే బాగా తెలిసినవారు చెబుతారు. మూడు నెలలకోసారి ఇది జరుగుతుంది.

2022 డిసెంబర్ నుంచి ప్రతి హోమ్‌కూ స్టార్ రేటింగ్ ఉంది. అందులో 33 శాతం వృద్ధుల అనుభవానికి, 30 నిబంధనల పాటింపుకు, 22 సిబ్బందికి, 15 వైద్యపరమైన కొలతలకు. అనుభవం కోసం బయటి బృందం వచ్చి కొందరితో మాట్లాడుతుంది. సిబ్బంది గౌరవిస్తున్నారా, తిండి నచ్చుతోందా లాంటివి అడుగుతుంది. పై ఆరు ప్రశ్నల ఫలితాన్ని మాత్రం వైద్యపరమైన కొలతల స్టార్లలో కలపలేదు. 1987లో తనిఖీ అధికారులు పెద్దల పక్కన కూర్చుని తెలుసుకున్నదాన్ని అంకెల్లోకి తెచ్చే ప్రయత్నం సాగుతోంది, పూర్తికాలేదు.

అమెరికాలో ఇంకో దారి ఉంది. ప్రమాణాలు తప్పిన నర్సింగ్ హోమ్‌ల నుంచి వసూలు చేసిన జరిమానాల్లో కొంత, హోమ్‌లలో ఉండేవాళ్ళ బతుకును మెరుగుపరిచే ప్రాజెక్టులకు గ్రాంట్లుగా తిరిగి వస్తుంది. 1987 నాటి సంస్కరణ చట్టం దీనికి పునాది. మన దేశంలో 1992 నుంచి కేంద్ర సామాజిక న్యాయ శాఖ వృద్ధాశ్రమాలు నడిపే స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లు ఇస్తోంది. జిల్లాకు కనీసం 150 మంది నిరుపేద వృద్ధులు ఉండగలిగే ఆశ్రమాన్ని రాష్ట్రాలు ఏర్పాటు చేయవచ్చని వృద్ధుల సంక్షేమం కోసం వచ్చిన 2007 చట్టం చెబుతుంది. మన లెక్క ఇంకా ఎంతమందికి చోటు దొరికిందన్న దగ్గరే, అంటే ఆస్ట్రేలియా 1954లో ఉన్నచోటే ఉంది.

ఆస్ట్రేలియా పార్లమెంటు 2024 నవంబర్‌లో కొత్త సంరక్షణ చట్టాన్ని ఆమోదించింది. 2025 జూలైలో అమలు కావాల్సిన ఆ చట్టం వాయిదా పడి అదే ఏడాది నవంబర్ 1న అమల్లోకి వచ్చింది. 1997 చట్టం ప్రధానంగా నడిపే సంస్థలకు డబ్బు ఎలా ఇవ్వాలో చెప్పింది. కొత్త చట్టం వృద్ధుల హక్కుల ప్రకటనతో మొదలవుతుంది. దానితో వచ్చిన ఏడు ప్రమాణాల్లో ఆరవది అచ్చంగా భోజనం, పోషకాహారం గురించే. స్తోమత ఉన్న కొత్తవారు భోజనం, శుభ్రత లాంటి ఖర్చుల్లో ఎక్కువ వాటా మోయాలన్న నిబంధనా వచ్చింది. అంతకుముందే హోమ్‌లలో ఉన్నవారికి పాత షరతులే కొనసాగుతాయి.

డబ్బుకూ ఫలితానికీ ముడి వేసే ప్రయత్నం నిమిషాల దగ్గర మొదలైంది. నగరాల్లోని సాధారణ హోమ్‌లు నిర్ణీత సంరక్షణ నిమిషాలు ఇవ్వకపోతే 2026 ఏప్రిల్ నుంచి వాటి సొమ్ములో కొంత కోత పడేలా ప్రభుత్వం నిర్ణయించింది. 1997లో తీసేసిన నియమంలో కొంత భాగం దాదాపు ముప్పై ఏళ్ళ తర్వాత ఇలా తిరిగి వస్తోంది. తిండికిచ్చే సాయానికి కూడా అలాంటి షరతే పెట్టాలి.